మూడు కన్నుల చిన్నచేప

కొంతకాలము క్రిందట హైదరాబాదు నగరమున రంగుచేపలను విక్రయించు ఒక దుకాణము ముందు నిలిచి అద్దపు తొట్టెలను చూచుచుంటిని. ఒక మూలనున్న చిన్నతొట్టెలో నా చిటికెనవ్రేలిని మించని చేపలు రెండుండెను. వాని మేనిపై ఎఱ్ఱని చుక్కలు, రెక్కల అంచులయందు నారింజవన్నె. తోక యొక్క పై కొన, క్రింది కొన తెల్లని దారములవలె సాగియుండెను. ఇవి ఆఫ్రికా ఖండమునందలి గాబన్ దేశపు అడవివాగులలో పుట్టు జాతి యని దుకాణదారుడు చెప్పెను. వెల విని నేను మాటాడక ముందునకు నడచితిని. అయినను నాలుగు తొట్టెలు చూచి మరల దానియొద్దకే వచ్చితిని. నీటి పై పొరను అంటుకొని నిలుచు ఆ తీరు, చదునైన ఆ తల, పైకి తిరిగిన ఆ నోరు, ఇవన్నియు నే నెచ్చటనో చూచినవే. తలపోయగా, బాల్యమున మా కరీంనగరు సీమలో చెరువు తూము దిగువనుండు పంటకాలువ మనస్సునకు వచ్చినది. ఆ దుకాణములోని ఖరీదుచేపకును, మా కాలువలోని వెలలేని చేపకును చుట్టరికమున్నది. ఆ చుట్టరికమును గూర్చియు, ఆ చేపపట్ల మనము చేసినదానిని గూర్చియు నేడు కొంచెము చెప్పదలచితిని.

మొదట ఆఫ్రికా చేపను గూర్చి. కామెరూన్, గాబన్, కాంగో దేశముల మహారణ్యములలో ఎండ నేలను తాకదు. చెట్లక్రింద పారు వాగులు మోకాలి లోతైనను ఉండవు. అడుగున ఆకులు కుళ్ళి నీరు పలుచని తేనీటివన్నె దాల్చియుండును. అట్టి నీడలో ఈ చేపలు వసించును. మగచేపకు ఇంద్రధనుస్సులోని వన్నెలన్నియు నుండగా, ఆడుచేప సాధారణముగా గోధుమవన్నెతో నిరాడంబరముగా నుండును. పైన చెప్పిన తోకదారముల చేపకు 1921లో రాఖోవ్ అను జర్మను పండితుడు శాస్త్రనామ మిడెను. 1924లో అమెరికను మత్స్యశాస్త్రజ్ఞుడు జార్జి మయర్స్ ఆఫియోసెమియన్ అను ప్రజాతిని ఏర్పరచెను. ఈ చేపల కన్నిటికిని కలిపి ఆంగ్లమున కిల్లీచేపలని పేరు. ఈ పేరు విని, ఇవి దేనినో చంపునవి యని కొందఱు తలతురు. అది నిజము కాదు. డచ్చిభాషలో కిల్ అనగా వాగు. కావున కిల్లీచేప యనగా వాగుచేప యనియే అర్థము.

ఇక మన చేప. దీని శాస్త్రనామము అప్లోకైలస్ పాంచాక్స్. పొడవు రెండు మూడు అంగుళములు. మేను లేత ఆకుపచ్చ, బూడిదవన్నెల కలయిక. వెన్నురెక్క మొదట ఒక నల్లని మచ్చ. రెక్కల అంచున పలుచని నారింజవన్నె. నడినెత్తిన వెండిచుక్కవలె మెఱయు ఒక తెల్లని మచ్చ యుండును. గట్టున నిలిచి పైనుండి చూచువానికి చేప కనబడకున్నను ఆ చుక్క కనబడును. మేము బాలురముగా నున్నపుడు కాలువలో నక్షత్రములు ఈదుచున్నవని చెప్పుకొనువారము. బెంగాలీలు ఈ చేపకు తేచోఖా యని పేరిడిరి. తేచోఖా యనగా మూడు కన్నులది. గోదావరీ ప్రాణహితల సంగమమున కాళేశ్వర ముక్తీశ్వరుని సేవించు మన సీమవారికి ఈ పేరు విన్నంతనే త్రినేత్రుడు స్ఫురించుట సహజము. అయినను ఆ దేవునికి అభిషేక మున్నది. ఈ చేపకు పేరైనను లేదు. మా ఊరిలో జాలరులు కొఱ్ఱమీనును, వాలుగను, జెల్లను వేర్వేరు పేర్లతో పిలుతురు. ఇట్టి చిన్నవానినన్నిటిని పరకలని ఒక్క మాటతో త్రోసివేయుదురు. తక్కెడ కెక్కని దానికి పేరెందులకు?

ఈ ఉపేక్ష క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు సుమారు 1130వ సంవత్సర ప్రాంతమున మానసోల్లాస మను మహాగ్రంథమును సంస్కృతమున రచించెను. ఆ కాలమున మన కరీంనగరు సీమయు ఆ చాళుక్యుల సామంతుల యేలుబడిలోనే యుండెను. ఆ గ్రంథమున మత్స్యవినోద మను ప్రకరణము కలదు. చేపలలో తెగలెన్ని, ఏ చేపకు ఏ ఎర వేయవలెను, గాలపుత్రాడు ఎట్లుండవలెను అను విషయములు అందు వివరముగా నున్నవి. కాని అది రాజుగారి వినోదము. రాజు గాలమునకు తగినవి పెద్దచేపలే కదా!

తరువాత పరదేశపు వైద్యులు వచ్చిరి. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నుండి చేపలను సేకరించి, 1803లో రెండు వందల చేపల వర్ణనలను చిత్రములతో లండనులో ప్రచురించెను. జాలరులు చెప్పిన తెలుగు పేర్లను ఆతడు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. ఆ పుస్తకమున మన పల్లెకారుల నోటిమాటలు నేటికిని నిలిచియున్నవి. అయితే అవి చాలవఱకు సముద్రపుచేపలు. మన మూడుకన్నుల చేప శాస్త్రగ్రంథమున కెక్కినది 1822లో. ఫ్రాన్సిస్ హామిల్టన్ అను మఱియొక వైద్యుడు గంగానదిలోను, దాని శాఖలలోను దొరకు చేపలను గూర్చి ఆ యేట ఎడింబరోలో ఒక గ్రంథమును ప్రకటించెను. పాంచాక్స్ అను పేరును ఈ చేప కిచ్చినవా డాతడే. ఆ విధముగా ఊరుపేరు లేని పరక ప్రపంచమునకు పరిచితమైనది.

ఇప్పుడు ముందు చెప్పిన చుట్టరికమునకు వత్తును. పాంచాక్సు ఆసియాఖండపు కిల్లీచేప. ఈ వంశపు చేపలు మూడు ప్రధానశాఖలుగా నున్నవి. ఒకటి దక్షిణ అమెరికాలో, ఒకటి ఆఫ్రికాలో, ఒకటి మన దేశమునందును ఆగ్నేయాసియాయందును కలదు. ఇందొక వింత గలదు. మన పాంచాక్సునకు మిక్కిలి దగ్గఱి బంధువు ఆఫ్రికా ప్రధానభూమిపై లేదు. హిందూమహాసముద్రమున మడగాస్కరు, సెషెల్స్ దీవులలో నున్నది. మంచినీటి చేప వేలమైళ్ళ ఉప్పునీటి కావల బంధువులను ఎట్లు సంపాదించెను?

ఈ ప్రశ్నకు ఒక సమాధానము మన ఆదిలాబాదు కరీంనగరుల నేలలోనే యున్నది. ప్రాణహిత గోదావరుల లోయలో నేలపొరలను పరిశీలించి విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1881లో ఒక గ్రంథమును ప్రకటించెను. బెల్లంపల్లి, మందమఱ్ఱి, రామగుండము ప్రాంతములలో సింగరేణివారు త్రవ్వుచున్న బొగ్గు ఈ పొరలలోనిదే. ఇట్టి పొరలకు గోండ్వానా యని పేరు. 1872లో మెడ్లికాట్ ఈ పేరును మొదట వాడెను. 1876లో ఫైస్ట్‌మాంటెల్ అచ్చులోనికి తెచ్చెను. గోండ్వానా యనగా గోండుల దేశము. బొగ్గుపొరలలోని గ్లొసాప్టెరిస్ అను ప్రాచీన వృక్షపు ఆకుల గుర్తులు మన దేశమునందే కాక ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలయందును కనబడెను. ఇవన్నియు నొకప్పుడు కలిసియుండెనని ఊహించి ఆస్ట్రియా పండితుడు ఎడ్వర్డ్ సూస్ 1885లో ఆ మహాభూభాగమునకు గోండ్వానా భూమి యని నామకరణము చేసెను. ఉట్నూరు, ఆసిఫాబాదు అడవులలో నేటికిని వసించుచున్న జనుల పేరు ఖండాంతరములకెల్ల పేరైనది. ఆఫ్రికాలోని బడిపిల్లవాడును ఆ పాఠము చదువునపుడు మన గోండుల పేరే పలుకును. దీనికి మన మెంత గర్వింపవలయునో, ఆ జనులను మన మెంత మఱచితిమో మీరే తలపోయుడు.

చేపల మాటకు వచ్చినను ఈ లోయ సామాన్యమైనది కాదు. ప్రాణహిత ఎడమగట్టున సిరొంచకు ఎగువనున్న కోటా యను గ్రామమునొద్ద సున్నపురాళ్ళలో మెఱయు పొలుసులతో శిలలైన చేపలు దొరకెను. వానిలో నొకదానికి 1851లో లెపిడోటస్ డెక్కనెన్సిస్ అని పేరిడిరి. ఆ రాళ్ళ వయస్సు పదునెనిమిది కోట్ల సంవత్సరముల ప్రాంతము. నదికి ఈవల ఆదిలాబాదు సీమయందు యామనపల్లి యొద్ద ఆ పొరలలోనే మహాకాయమైన రాక్షసబల్లి యెముకలు బయల్పడెను. 1988లో దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు వచ్చెను. దాని యస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నేడు చూడవచ్చును. కోటా చేపలు మన పాంచాక్సునకు పూర్వులు కావు. అవి వేఱొక వంశమువి. ఆఫ్రికాతో మన భూమి యేకమై యున్న కాలమునుండియు ఈ లోయ నీళ్ళలో చేపలు ఈదినవని మాత్రము అవి సాక్ష్యమిచ్చుచున్నవి.

పిమ్మట గోండ్వానా భూమి ముక్కలయ్యెను. సుమారు తొమ్మిది కోట్ల సంవత్సరముల క్రిందట మడగాస్కరు మననుండి విడిపోయెను. సుమారు ఆఱున్నర కోట్ల సంవత్సరముల క్రిందట దక్కను భూమి పగిలి శిలాద్రవము పొరలుపొరలుగా ప్రవహించెను. ఆదిలాబాదు పడమటి వైపున, ఉట్నూరు పీఠభూమిపై కనబడు నల్లరాయి ఆ ప్రవాహపు అవశేషమే. ఆ కాలముననే సెషెల్స్ కూడ వేఱయ్యెను. మన కిల్లీచేపకు మిక్కిలి దగ్గఱి బంధువులు మడగాస్కరు, సెషెల్స్ దీవులలో మిగులుటకు ఈ విడిపోవుటయే కారణమని ఒక సిద్ధాంతము. 1997లో మర్ఫీ, కాలియర్ అను శాస్త్రజ్ఞులు చేపల జన్యుపదార్థమును పోల్చి ఈ సిద్ధాంతమును బలపఱచిరి. ఈ చేపలు అంత ప్రాచీనములు కావనియు, పాంచాక్సు కొంత ఉప్పునీటిని సైతము సహింపగలదు గనుక సముద్రపు అంచులవెంట వ్యాపించి యుండవచ్చుననియు మఱికొంద ఱందురు. వాద మింకను ముగియలేదు. ఏ పక్షము గెలిచినను చుట్టరికము మాత్రము చెడదు. ప్రయాణము కాలినడకనో ఓడమీదనో యనునదియే తగవు.

ఇంతవఱకు చెప్పినది వినుట కింపైన చరిత్ర. ఇక నా మనస్సును బాధించు చరిత్రను చెప్పెదను.

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదునందు రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించి, చలిజ్వరపు క్రిమిని అందు కనుగొనెను. 1902లో ఆతనికి నోబెల్ బహుమానము లభించెను. దోమయే శత్రువని తేలినపిమ్మట, దోమకు శత్రువెవ్వడను ప్రశ్న పుట్టెను. దోమపిల్లలు నీటిలో పెరుగును. ఊపిరికై నీటి పై పొరకు వచ్చి తీరవలెను. చలిజ్వరమును తెచ్చు అనాఫిలిస్ దోమపిల్ల నీటిపై పొరకు సమాంతరముగా పడుకొనియుండును. ఆ పొరక్రిందనే పైకి తిరిగిన నోటితో కాచుకొనియుండు చేప యేది? మన మూడుకన్నుల పరకయే. 1912లో కలకత్తా ఇండియన్ మ్యూజియమునకు చెందిన సీమూర్ స్యూవెల్, చౌధురి యను విద్వాంసులు దోమలను నిర్మూలించుటలో ఉపయోగపడు భారతీయ మత్స్యములను గూర్చి ఒక చిన్నపుస్తకమును ప్రచురించిరి. అందు పాంచాక్సునకు గౌరవస్థానము కలదు. వెల లేని చేపకు మొదటిసారిగా ఒక విలువ యేర్పడినది.

కాని ఆ గౌరవము చాలకాలము నిలువలేదు. 1928లో ఇటలీనుండి గంబూసియా యను చేపను బెంగుళూరునకు తెచ్చిరి. దాని పుట్టినిల్లు ఉత్తర అమెరికా దక్షిణభాగము. అది గ్రుడ్లు పెట్టక పిల్లలనే యీనును, మురికినీటిలోనైనను బ్రదుకును, శీఘ్రముగా వృద్ధియగును. ఒక కడవలో నాలుగు చేపలను తెచ్చి పోసిన మఱుసటి యేటికి చెరువు నిండును. ఆఫీసులకు ఇంతకంటె సులువైన సాధన మేమి కావలెను? పాంచాక్సు అట్లు కాదు. నీటిమొక్కల వేళ్ళకు ఒక్కొక్కటిగా గ్రుడ్లను అంటించును; అవి పొదుగుటకు పది పదునైదు దినములు పట్టును. తొందరపడువారి కది నచ్చలేదు.

ఆదిలాబాదు సీమకు చలిజ్వరపు దేశమని యొకప్పుడు అపకీర్తి యుండెను. పూర్వము అచ్చటికి బదిలీయైన ఉద్యోగి యింటిలో శోకము పుట్టెడిదని పెద్దలు చెప్పగా వింటిని. 1947 ప్రాంతమున మన దేశమున సాలీనా ఏడున్నర కోట్లమంది ఈ జ్వరము పాలగుచుండిరని లెక్క. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ప్రారంభమయ్యెను. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లిరి. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగెను. అది మహత్తరమైన విజయము. దానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని ఆ విజయోత్సాహమున చెరువును, చేపను అందఱును మఱచిరి. దోమ మందునకు అలవాటుపడెను. 1976లో రోగులసంఖ్య మరల అఱువదినాలుగు లక్షలు దాటెను. అప్పుడు మరల చేప జ్ఞప్తికి వచ్చెను. అయితే వచ్చినది గంబూసియాయే.

ఇచ్చట నా నేరమును నేనే ఒప్పుకొనవలెను. నేను పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడనై యున్నపుడు, ఆరోగ్యోద్యోగులు చెప్పిన మాటపై బాలురను వెంటబెట్టుకొనిపోయి రెండు బిందెల గంబూసియా చేపలను తెచ్చి మా ఊరి కుంటలోను, దాని కాలువలోను పోయించితిని. బాలురు చప్పట్లు చరచిరి. నేనును దేశసేవ చేసితినని సంతసించితిని. నాలుగైదేండ్లకు ఒక సాయంకాలము ఆ కాలువగట్టున నిలిచి చూచితిని. నీటిలో చేపలు కుప్పలుగా నుండెను. నక్షత్ర మొక్కటియు లేదు. దోమలు మాత్రము వెనుకటివలెనే చెవియొద్ద పాడుచుండెను. పొలములలో చల్లు పురుగుమందులును, ఎండిన కాలువలును ఇందుకు కొంత కారణము కావచ్చును. నేరమంతయు ఆ రెండు బిందెలదే యని ప్రమాణము చేయలేను. కాని గంబూసియా తోడిచేపల గ్రుడ్లను, పిల్లలను తినుననియు, వాని రెక్కలను కొఱుకుననియు శాస్త్రజ్ఞులు పలుదేశములలో చూచి వ్రాసియున్నారు. 2000వ సంవత్సరమున ప్రపంచమునందలి మిక్కిలి హానికరములైన నూఱు పరాయిజీవుల పట్టికలో దానిని చేర్చిరి. నేను పోసిన బిందెను మరల ఎత్తుట నా తరము కాదు.

2016లో మన పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడెను. చెరువుల పూడిక తీయుటకు 2015లో మిషన్ కాకతీయ యను కార్యక్రమము ప్రారంభమయ్యెను. చెరువులలో బొచ్చె, రవ్వు పిల్లలను వదలుచున్నారు; జాలరుల జీవనమునకది మంచిదే. ఇట్టి పనులన్నిటిలో పరకను గూర్చి ఆలోచించుటకు తీరిక యెవ్వరికి నుండును? కాని చెరువును బాగుచేయు వారిని నేను కోరునది స్వల్పము. పరదేశపు చేపను బిందెతో తెచ్చి పోయుటకు ముందు, గట్టున కొంతసేపు నిలిచి నీటిలోనికి చూడుడు. నెత్తిన తెల్లని చుక్కతో ఈదు చేపలున్న యెడల, మీ సేవకుడు మీ యింటనే యున్నాడు. వానికి జీతము వలదు. అంచున నాలుగు నీటిమొక్కలను విడువుడు, చాలును. చుక్కలు లేనియెడల, అవి యున్న ప్రక్క ఊరినుండి నాలుగింటిని తెచ్చి మరల నిలుపవచ్చును.

ఆ దుకాణములోని గాబన్ చేపను నేను కొనలేదు. దాని యందమును తప్పుపట్టియు కాదు. ఎక్కడి అడవివాగులోనిదో యొక చేపకు అద్దపుమేడ కట్టి, దాని చుట్టము మన కాలువలో చచ్చుచుండగా చూడకుండుట నాకు న్యాయముగా తోచలేదు. తిరిగి వచ్చిన మఱునాడు మా ఊరికి మూడుమైళ్ళ దూరమున అడవి అంచునున్న వాగునకు పోయితిని. తేకుటాకులు రాలి నీరు కొంచెము ఎఱుపెక్కియుండెను. చాలసేపు కూర్చుంటిని. ప్రొద్దు వాలుచుండగా నాచుప్రక్కనుండి ఒక వెండిచుక్క మెల్లగా బయలుదేరెను; దానివెనుక మఱియొకటి; పిమ్మట మఱి రెండు. లెక్కింపగా ఏడు కనబడెను. ఈ మాఱు నేను బిందె తీసికొనిపోలేదు. లేచి, నీడ నీటిపై పడకుండునట్లు వెనుకకు నడచి యింటికి వచ్చితిని.